పెళ్లికి పర్మిషన్ ఎవరిది?

"దస్తావేజు కబుర్లు" శీర్షికకు ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో సగం సరిహద్దు రాళ్ల గొడవలే. వాటిని వచ్చే సంచికకు తోసేశాను. హనుమకొండ నుంచి వచ్చిన ఒక ఉత్తరం చదివాక పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ గురించి ఎప్పటినుంచో పక్కన పెట్టిన ఉత్తరాలన్నీ బయటకు తీశాను. ఈసారి అన్నీ వాటికే.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రిటైరైన లెక్చరర్ని. మా అబ్బాయి అమెరికాలో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తనతో పనిచేసే తెలుగమ్మాయినే చేసుకుంటానన్నాడు, సరేనన్నాం. ఇప్పుడేమో "నాన్నా, ఇక్కడ లైసెన్సూ గిసెన్సూ ఏమీ లేదు, ఫారం నింపి నోటరీ ముందు సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చేస్తే పెళ్లయిపోయినట్టే" అంటున్నాడు. మొదట గుండె గుభేలుమంది. తర్వాత ఆలోచిస్తే అదే సబబేమో అనిపిస్తోంది. పెళ్లి ఇద్దరు మనుషుల ఒప్పందం. పొలం అమ్మకం రాసుకున్నట్టు గవర్నమెంటు దాన్ని పుస్తకంలో రాసుకుంటే చాలదా? పర్మిషన్ ఇవ్వడానికి వాళ్లెవరు? ఏళ్ల తరబడి సబ్ రిజిస్ట్రార్ కుర్చీలో కూర్చున్నారు, మీరేమంటారు?
— ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ముందు మీ టెన్షన్ తీరుస్తాను. మీ అబ్బాయి చెప్పింది నిజమే. అలబామాలో 2019 ఆగస్టు 29 నుంచి పెళ్లి లైసెన్సు అనేది లేదు. వధూవరులు ఒక ఫారం మీద ప్రమాణం చేసి నోటరీ ముందు సంతకం పెడతారు. 30 రోజుల్లోగా దాన్ని ప్రొబేట్ కోర్టులో, అంటే వీలునామాలూ పెళ్లి రికార్డులూ చూసే అక్కడి స్థానిక కోర్టులో ఇస్తే వాళ్లు నమోదు చేసుకుంటారు. పురోహితుడు, పాస్టరు, జడ్జి ఎవరూ అక్కర్లేదు. చేయించుకుంటే వద్దనరు, చేయించుకోకపోయినా అడగరు.

అయితే ఇదేదో స్వేచ్ఛ మీద ప్రేమతో పుట్టిన చట్టమనుకోకండి. 2015లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ జంటలకూ పెళ్లి హక్కు ఉందని తీర్పిచ్చాక, అలబామాలో కొందరు ప్రొబేట్ జడ్జీలు వాళ్లకు లైసెన్సు ఇవ్వడం ఇష్టం లేక అసలు ఎవరికీ ఇవ్వడం మానేశారు. ఆ పీటముడి విప్పడానికి, అధికారి "అనుమతించడమైనది" అని సంతకం పెట్టే పనే లేకుండా చేసేశారు. ఆ ఫారం ఒకసారి తెప్పించుకుని చూడండి. వయసు చాలిందా, ఇప్పటికే పెళ్లయి ఉందా, దగ్గరి రక్తసంబంధమా, తెలివిలో ఉండి ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇదివరకు అధికారి అడిగేవాడు, ఇప్పుడు వాళ్లంతట వాళ్లే ప్రమాణం చేసి చెప్తారు. లైసెన్సు పోయింది గానీ షరతులు ఎక్కడికీ పోలేదు.

అమెరికాలో లైసెన్సు మాటెత్తితే కొందరికి ఒళ్లు మండడానికి గట్టి కారణమే ఉంది. 1958లో వర్జీనియాకు చెందిన లవింగ్ దంపతులు, ఆయన తెల్లవాడు, ఆమె నల్లజాతి స్త్రీ, వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకుని సొంతూరికి వచ్చారు. అర్ధరాత్రి పోలీసులు పడగ్గదిలోకి వచ్చారు. గోడకున్న సర్టిఫికెట్ చూపిస్తే అది ఇక్కడ చెల్లదన్నారు. కోర్టు ఏడాది జైలు శిక్ష వేసి, 25 ఏళ్లపాటు రాష్ట్రం విడిచిపోతే దాన్ని అమలు చేయబోమంది. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కొట్టేసినా అలబామా తన రాజ్యాంగంలోంచి అలాంటి నిషేధం మాటల్ని 2000లో గానీ తీసేయలేదు, అదీ ఓటింగు పెట్టి. పర్మిషన్ ఇచ్చే అధికారం ఉన్నవాడికి ఇవ్వకుండా ఉండే అధికారమూ ఉంటుందని వాళ్లకు అనుభవం నేర్పింది.

ఇక మన సంగతి. మీరు కోరుకుంటున్న పద్ధతి మన దగ్గర 1955 నుంచి ఉంది మాస్టారూ. హిందూ వివాహ చట్టంలో లైసెన్సు లేదు. అమ్మాయిదో అబ్బాయిదో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరిగితే అది పెళ్లే. రిజిస్టర్ చేయించకపోయినా చెల్లుతుందని 8వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చారు. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాలవాళ్ల పెళ్లిళ్లూ రిజిస్టర్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. అప్పుడు కూడా, రిజిస్ట్రేషన్ ఒక్కటే పెళ్లికి రుజువు కాదు, అది లేనంతమాత్రాన పెళ్లి లేనట్టూ కాదు అంది. మా ఆఫీసుకు వచ్చే జంటలు పొద్దున గుళ్లో పెళ్లి చేసుకుని, శుభలేఖ, పెళ్లి ఫొటో, టెన్త్ మెమో, అడ్రస్ ప్రూఫ్, సాక్షులతో మధ్యాహ్నం వచ్చేవాళ్లు. పసుపు తాడు ఇంకా తడిగానే ఉండేది. మేం చూసేది కాగితాలు, రాసుకునేది జరిగిపోయినదాన్ని.

మరి మన పెళ్లికి పర్మిషన్ ఎవరిస్తారు? ఇంట్లోవాళ్లు, కులం. గవర్నమెంటు పక్కకు తప్పుకుంటే ఇద్దరు మనుషులు స్వేచ్ఛగా ఒప్పందం రాసుకుంటారనే మాట అమెరికాలో ఎలా ఉంటుందో గానీ, ఇక్కడ ఆ ఖాళీలోకి ముందుగా వచ్చి కూర్చునేది మేనమామలూ పెదనాన్నలూ. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో ఉన్న 25 ఏళ్లూ గవర్నమెంటు పర్మిషన్ కోసం ఆగలేదు. చట్టం చేతిలో ఉన్నా కులం వెలివేస్తుందన్న భయం పోలేదు.

అందుకని నా లెక్కలో గవర్నమెంటు కౌంటర్ అంటే ఇంట్లోవాళ్ల లైసెన్సు లేకుండా పెళ్లి చేసుకోగల ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ మూసేయమని నేననను. దాని ముందు పెట్టిన ముళ్లకంప తీసేయమంటాను. ఆ కంప ఏమిటో చెప్తాను.

వేరే మతంవాళ్లను చేసుకోవాలన్నా, ఏ మంత్రాలూ వద్దనుకున్నా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రావాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటుండాలి. నోటీసివ్వాలి. పేర్లు, వయసులు, అడ్రసులతో ఉన్న ఆ నోటీసును మేం ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటించాలి. సొంతూరు వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసుకూ కాపీ పంపాలి, వాళ్లూ అంటించాలి. 30 రోజులు ఆగాలి. ఎవరైనా అభ్యంతరం పెడితే విచారణ చేయాలి.

గోదావరి జిల్లాల్లో పనిచేస్తున్నప్పుడు ఒక ల్యాబ్ టెక్నీషియన్ పిల్ల వచ్చింది. అబ్బాయిది వేరే మతం. ఫారం తనే నింపింది, ఒక్క కొట్టివేత లేకుండా. "ఫొటో కూడా బోర్డు మీద పెడతారా మేడమ్?" అని అడిగింది. రూలు చెప్పాను. మా నోటీసు బోర్డుకు అద్దం తలుపు, చిన్న తాళం. పక్కనే స్టాంపు పేపర్లు అమ్మే అతను, ఎదురుగా జిరాక్స్ షాపు. రోజుకు ఎంతమంది అక్కడ నిలబడి టీ తాగుతారో! వారం తిరక్కుండా ఒకతను ఫోన్‌తో ఆ నోటీసు ఫొటో తీసుకోవడం కిటికీలోంచి కనబడింది. ఆ మర్నాడు రెండు కార్లలో వాళ్ల పెద్దలు దిగారు. చట్టం ఒప్పుకునే అభ్యంతరాలు నాలుగే: ఇప్పటికే భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, మతి స్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం. వాళ్లు రాసిచ్చిన కాగితంలో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు, "మా వంశ గౌరవం" అని రెండుసార్లు ఉంది. చెల్లదని చెప్పి పంపాను. కానీ వాళ్లకు కావలసింది నా దగ్గర లేదు కదా, పిల్ల అడ్రసు బోర్డు మీదే ఉంది. ఆ జంట మళ్లీ రాలేదు. నోటీసు గడువు మూడు నెలలు. అయిపోయాక పుస్తకంలో ఆ వరుసకు ఎదురుగా రద్దయినట్టు రాశాను.

ఇంకో విచిత్రం. కావాలని దొంగ అభ్యంతరం పెట్టినవాడి చేత కట్టించగల పరిహారం గరిష్ఠంగా 1,000 రూపాయలు. 1954లో అది పెద్ద మొత్తమే. ఇవాళ ఆ రెండు కార్లలో పెట్రోలుకు చాలదు.

ఇక్కడ నాకు కోపం వచ్చేది ఒక్కటే. ఒకే మతంవాళ్లు గుళ్లో తాళి కట్టుకుని వస్తే ఏ నోటీసూ లేదు, మతం దాటితే మాత్రం ఊరంతా తెలియాలి. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఈ బహిరంగ ప్రకటన జంట కోరుకుంటేనే వేయాలి, లేకపోతే అక్కర్లేదు అని తీర్పిచ్చింది. ఆ మాట చట్టంలోనే రాసేస్తే దేశమంతటికీ ఒకే దారి అవుతుంది.

మీ అబ్బాయికి నా సలహా: ఆ ఫారం పని అక్కడ కానివ్వండి. దాంతో సరిపెట్టుకోకుండా అక్కడి గుళ్లోనో, సెలవులకు వచ్చినప్పుడు మీ ఇంట్లోనో ఆచారం ప్రకారం పెళ్లి జరిపించి, ఫొటోలు, శుభలేఖ భద్రంగా దాచండి. ఎందుకో కింద మూడో జవాబు చదివితే తెలుస్తుంది.

*

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. పెళ్లిని పూర్తిగా ప్రైవేటు కాంట్రాక్టుగా వదిలేస్తే తప్పేముంది? ఇష్టం వచ్చిన షరతులు ఇద్దరూ రాసుకుంటారు, గవర్నమెంటు ముద్ర వేస్తుంది. ముస్లింల నికా కూడా ఒప్పందమే కదా?
— విజయవాడ

జవాబు: బాబూ, నువ్వు చెప్పే కాంట్రాక్టు పెళ్లి పుస్తకాల్లో కాదు, నా బల్ల మీదే చాలాసార్లు చూశాను. ఒకామె ప్లాస్టిక్ కవర్లోంచి లామినేషన్ చేయించిన 100 రూపాయల స్టాంపు పేపరు తీసింది. నోటరీ గుండ్రటి ముద్ర, ఎర్ర సీలు, ఇద్దరి ఫొటోలు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షుల సంతకాలు. "మేమిరువురం ఈ రోజు నుండి భార్యాభర్తలుగా కలిసి జీవించుటకు అంగీకరించి" అని మొదలవుతుంది. నాలుగో షరతు మాత్రం ఇలా ఉంది: "భవిష్యత్తులో ఒకరి ఆస్తిపై మరొకరు ఎటువంటి హక్కు కోరరాదు." ఆమెకు ఆస్తి లేదు. అతనికి రెండంతస్తుల ఇల్లుంది. ఆ షరతు ఎవరు చెప్పి రాయించారో వేరే అడగాలా? అతను ఇప్పుడు వేరే పెళ్లికి సిద్ధమవుతున్నాడు, దీన్ని రిజిస్టర్ చేసి ఆపండి అని వచ్చింది. ఆ కాగితానికి పెళ్లిగా విలువ లేదు. ఆ మాట ఆమెతో చెప్పడం ఆ ఉద్యోగంలో నాకు నచ్చని పనుల్లో ఒకటి. చివరికి గృహహింస చట్టం కింద, పెళ్లి లాంటి సహజీవనం అని చూపించి మెయింటెనెన్స్ అడగొచ్చని లాయరు దగ్గరికి పంపాను. 2005 నాటి ఆ చట్టం లేకపోతే ఆమెకు ఆ దారీ లేదు. నోటరీలు పెళ్లి పత్రాలు, విడాకుల పత్రాలు చేయకూడదని 2024లో కేంద్ర న్యాయశాఖ గట్టిగా చెప్పింది. అయినా కోర్టు గేటు బయట గొడుగుల కింద అడిగి చూడు.

కాంట్రాక్టు న్యాయంగా ఉండాలంటే ఇద్దరికీ కాదనగల స్తోమత ఉండాలి. ఇంట్లోంచి కట్టుబట్టలతో వచ్చిన పిల్లకు ఆ సాయంత్రం ఆ స్తోమత ఎక్కడిది? ఇంకోటి. పొలం అమ్మకంలో కొన్నవాడు, అమ్మినవాడు ఉంటారు, అంతే. పెళ్లిలో తర్వాత మూడో మనిషి పుడతాడు, వాడు ఏ పేజీలోనూ సంతకం పెట్టలేదు. పెళ్లి చెల్లకపోయినా పిల్లలు న్యాయమైన సంతానమే అని హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ అంటోంది. అమ్మానాన్నలకు ఉమ్మడి ఆస్తిలో దక్కే వాటాలోనూ వాళ్లకు భాగం ఉందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రక్షణ ప్రైవేటు కాంట్రాక్టులో ఎవరు రాస్తారు?

నికా ఒప్పందమే, నిజం. ఇద్దరి అంగీకారం, సాక్షులు, మెహర్ (వధువుకు వరుడు ఇచ్చే సొమ్ము) అన్నీ ఉంటాయి, కాజీ పుస్తకంలో నమోదూ ఉంటుంది. అందులో రాసుకునే షరతులకు బలం ఉంది కూడా. కానీ మెహర్ ఎంతో పెళ్లికూతుర్ని అడిగి రాసే ఇళ్లూ ఉన్నాయి, పెద్దలే తేల్చేసే ఇళ్లూ ఉన్నాయి. హిందువులం మనమేం తక్కువ తినలేదు. ఎకరాలు, బంగారం, కారు మోడల్, ఆడపడుచు లాంఛనాలు, ఏది ముహూర్తానికి ముందు, ఏది మూడో రాత్రికి... కట్నం మాటలకన్నా పకడ్బందీ కాంట్రాక్టు నేనింతవరకు చూడలేదు. 1961 నుంచి అది నేరం కాబట్టి దాన్ని రిజిస్టర్ చేయమని మాత్రం ఎవరూ రారు.

పరీక్షకు పనికొచ్చే మాట: పెళ్లికి ముందే ఆస్తుల ఒప్పందం చట్టబద్ధంగా రాసుకునే ఏర్పాటు మన దేశంలో గోవాలో ఉంది, పోర్చుగీసువాళ్ల పౌర స్మృతి నుంచి వచ్చింది. అదీ రిజిస్ట్రార్ ముందు నడిచే వ్యవహారమే.

*

ప్రశ్న: మా పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టారు, తాళి కట్టారు, తలంబ్రాలు పోశారు. ఏడడుగులు వేయించలేదు. మావైపు ఆ పద్ధతి లేదు. పెళ్లి చెల్లదని మా బావగారు ఆట పట్టిస్తున్నారు.
— కొత్తగా పెళ్లయిన అమ్మాయి, అమలాపురం

జవాబు: నిక్షేపంలా చెల్లుతుంది తల్లీ. మీ ఆచారంలో సప్తపది ఉంటేనే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. లేకపోతే మీకున్న ఆచారమే చాలు. బావగారికి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చదివి వినిపించు.

కానీ ఏ ఆచారమూ లేకుండా ఉత్త సర్టిఫికెట్ తెచ్చుకుంటే మాత్రం చిక్కే. ఇద్దరు పైలట్లు ఒక సంస్థ ఇచ్చిన కాగితంతో ఉత్తరప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. పెళ్లి తంతు తర్వాత ఘనంగా చేసుకుందామనుకున్నారు. ఈలోపే చెడింది. తంతు జరగలేదు కాబట్టి అది అసలు హిందూ వివాహమే కాదు, సర్టిఫికెట్ చెల్లదు అని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మాస్టారి అబ్బాయికి ఫొటోలు దాచమన్నది ఇందుకే.

ఈ తంతు పట్టుదల వల్ల అన్యాయం కూడా జరిగింది. 1965లో రెండో పెళ్లి కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ రెండో పెళ్లిలో జరగాల్సిన క్రతువులు సరిగా జరిగినట్టు రుజువు లేదని మగాడు బయటపడ్డాడు. మంత్రాలు సగం చదివించి రెండో కాపురం పెట్టినవాడికి చట్టమే దారి చూపినట్టయింది. తమిళనాడులో 1967లోనే 7-ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. బంధుమిత్రుల ఎదుట నేను నిన్ను చేసుకుంటున్నానని చెప్పి దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెళ్లే, పురోహితుడు అక్కర్లేదు. పక్క రాష్ట్రంలో ఇన్నేళ్లుగా నడుస్తోంది, ఆకాశమేమీ విరిగిపడలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ తెస్తే ఏం?

*

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి చర్చిలో చేశాం. రిజిస్ట్రేషన్‌కు వెళ్తే పాస్టర్ గారి లైసెన్సు నంబరు అడిగారు. లైసెన్సు పెళ్లికా, పాస్టరుకా?
— గుంటూరు

జవాబు: పాస్టరుకే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లిళ్లు జరిపే అధికారం కొందరు మతాధికారులకు వాళ్ల సభ ద్వారా వస్తుంది, మిగతావాళ్లు ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. మీ పాస్టర్ గారు ఏ కోవలోకి వస్తారో ఆయన్నే అడగండి, నొచ్చుకోరు. లైసెన్సు లేని బోధకులు ప్రార్థన బాగా చేయొచ్చు, పెళ్లి మాత్రం చేయించకూడదు.

*

ప్రశ్న: ఉత్తరాఖండ్‌లో కలిసి ఉంటున్నవాళ్లు కూడా రిజిస్టర్ చేయించుకోవాలట. ఆడపిల్లలకు మంచిదే కదా? మన దగ్గరా తెస్తే బాగుంటుందని మా మహిళా మండలిలో అనుకున్నాం.
— ఖమ్మం

జవాబు: మీ ఉద్దేశం మంచిదే అక్కా, కానీ ఒక్క నిమిషం ఆగండి. అక్కడ ఉమ్మడి పౌర స్మృతి 2025 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్లయితే 60 రోజుల్లో రిజిస్ట్రేషన్ అంటే నాకు అభ్యంతరం లేదు. సహజీవనం సంగతి వేరు. ఇద్దరూ రిజిస్ట్రార్‌కు స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అది పోలీస్ స్టేషన్‌కూ వెళ్తుంది, 21 ఏళ్లు నిండనివాళ్లుంటే తల్లిదండ్రులకు తెలియజేస్తారు, నమోదు చేయకుండా నెల దాటితే జైలుకూ పంపొచ్చు. రికార్డు అని పేరు పెట్టి చేసే పని ఇది. పైన చెప్పిన ల్యాబ్ టెక్నీషియన్ పిల్లను తలుచుకోండి. ఆమెకు బోర్డు మీది నోటీసే ఇంత చేస్తే, తిన్నగా ఇంటికే కబురంపితే ఏమవుతుంది?

ఆడపిల్లకు మంచి జరగాలంటే రిజిస్ట్రార్ చేయగల పని ఒకటుంది, దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సంతకాలకు ముందు అందరినీ బయటకు పంపి పెళ్లికూతురితో ఒంటరిగా మాట్లాడటం. నేను అటెండరు చేత తలుపు దగ్గరికి వేయించి అడిగేదాన్ని. చాలామంది సిగ్గుపడి నవ్వేవాళ్లు. ఒక పిల్ల మాత్రం "ఇష్టమేనండి" అంటూ తలుపు వైపే చూసింది. వయసు ఎంతమ్మా అంటే "పద్దెనిమిది అని చెప్పమన్నారండి" అంది. టెన్త్ మెమో తెస్తేనే చేస్తానని పంపేశాను. మళ్లీ వాళ్లూ రాలేదు, మెమో రాలేదు. పెళ్లి ఆగిందో ఇంకెక్కడైనా చేశారో నాకు తెలియదు. గుళ్లో తాళి కట్టేస్తే ఆ పెళ్లి దానంతటది రద్దు కాదు, ఆ పిల్లే కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవాలి. ఉత్త రికార్డు చాలనేవాళ్లకు నా జవాబు ఇదే. వయసు, పాత పెళ్లి, ఇష్టం అనే మూడు ప్రశ్నలూ ఎవరో ఒకరు జీతం తీసుకుని అడగాలి. నాలుగోది అడగకూడదు.

కల్యాణలక్ష్మి పథకం సంగతి మీ జిల్లాలో మీకే బాగా తెలుసు. అమ్మాయికి 18 నిండాయని కాగితం చూపిస్తేనే 1,00,116 రూపాయలు. భయపెట్టడం కన్నా అలాంటి దారులు నయం.

*

ప్రశ్న: మేమిద్దరం అమ్మాయిలం. కలిసి ఉంటున్నాం. గవర్నమెంటు పర్మిషన్ ఇవ్వడం మానేసి ఊరికే రాసుకునే పని అయితే మా పేర్లూ రాసుకునేవారు కదా?
— హైదరాబాద్

జవాబు: అవునమ్మా. ఇవాళ వచ్చిన ఉత్తరాలన్నింటిలో నా వాదనకు తగిలిన గట్టి దెబ్బ ఇదే. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంది. ప్రత్యేక వివాహ చట్టంలో స్త్రీ, పురుషుడు అని ఉన్నంతకాలం కౌంటర్ అవతల ఎంత మంచి మనిషి కూర్చున్నా రాయలేరు. నా మూడు ప్రశ్నల్లో "ఆడా మగా" అనేది లేదు, ఉండాలనీ నేననుకోను.

అప్పటిదాకా ప్రైవేటు కాగితాలతో ఎంతవరకు వెళ్లగలరో చెప్తాను. ఒకరి పేర ఒకరు వీలునామా రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు, బంధుత్వం అడగరు. బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవండి. అలాంటి జంటలకు అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. ఇల్లు కొంటే ఇద్దరి పేరా కొనండి, వాటాలు దస్తావేజులో రాయించండి. వీలునామాకు సాక్షులుగా మీకన్నా చిన్నవాళ్లను పెట్టుకోండి, రేపు కోర్టుకు వచ్చి చెప్పాల్సింది వాళ్లే. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం ఏ కాగితం రాసుకున్నా రాదు.

*

ప్రశ్న: మా పెళ్లయి 41 ఏళ్లు. రిజిస్టర్ చేయించలేదు. మా వారికి పెన్షన్ వస్తోంది. "ఈ వయసులో మళ్లీ పెళ్లేమిటే, నలుగురూ నవ్వుతారు" అంటారాయన. చేయించాలా, అక్కర్లేదా?
— తాడేపల్లిగూడెం

జవాబు: చేయించండి వదినగారూ. పెళ్లి ఎటూ చెల్లుతుంది, అందులో సందేహం లేదు. ఆయన పెన్షన్ కాగితాల్లో మీ పేరు ఎలా ఉందో ముందు చూడండి. ఆధార్‌లో ఒకలా, అక్కడ ఒకలా ఉంటే ఇప్పుడే సరి చేయించాలి, ఆయన సంతకం చేయగలిగి ఉండగానే. శుభలేఖ పోయి ఉంటుంది, ఫరవాలేదు, అఫిడవిట్ పెట్టొచ్చు. మీ ఇద్దరి ఆధార్లు, వయసు రుజువు, పాత పెళ్లి ఫొటో ఉంటే అది, పిల్లల సర్టిఫికెట్లలో మీ ఇద్దరి పేర్లున్న కాపీలు పట్టుకెళ్లండి. మీ పెళ్లికి వచ్చినవాళ్లలో ఇంకా ఓపికగా తిరుగుతున్నవాళ్లను సాక్షులుగా తీసుకెళ్లండి. సోమవారం వద్దు, మంచి ముహూర్తాల రోజులూ వద్దు, రిజిస్ట్రేషన్ల రద్దీ ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే కుర్చీ దొరుకుతుంది.